ఎర్ర ఇరవై ఏడు

ఆ ఆదివారం ఒట్టోరీనో నాలుగున్నరకు లేచి, గడ్డం గీసుకుని, ముందు రోజే రాసిపెట్టుకున్న కాగితాన్ని కోటు జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిదిన్నరకు ఫ్లోరెన్సులో దిగాలి. పదికి గంటగోపురం ఎక్కాలి. పన్నెండుకు పాత వంతెన దాటాలి. ఒంటిగంటకు భోజనం. అయిదింటి బండికి తిరుగు ప్రయాణం. నిలబడి చూడటానికి కాగితంలో వేళ కేటాయించలేదు.

నలభై ఏళ్ళ కిందట సరిగ్గా అదే రోజున అతనికి నివెస్‌తో పెళ్ళయింది. మర్నాడే ఇద్దరూ ఫ్లోరెన్సు బయలుదేరారు. బొలోన్యా దగ్గర కిటికీ తెరిచి ఉంచాలా మూయాలా అన్న విషయం మీద పెళ్ళికొడుకు టికెట్ కలెక్టరుతో దెబ్బలాడాడు. ఇద్దరినీ దించేశారు. పెళ్ళికూతురు స్టేషను బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. పెళ్ళికొడుకు స్టేషను మాస్టరుతో కూడా దెబ్బలాడి, ఆమెను ఇంటికి తీసుకొచ్చేశాడు. ఆ తరువాత ఆవులు, ఆపైన వరదలు, ఆపైన మోకాళ్ళ నొప్పులు. ఫ్లోరెన్సు ఉన్న చోటే ఉంది. వీళ్ళే వెళ్ళలేదు.

ఒట్టోరీనో పో నది కరకట్టల మీద ముప్పై అయిదేళ్ళు కాపలా ఉద్యోగం చేశాడు. కట్టలో చిల్లు ఎక్కడుందో వెతకటమే పని. ఉద్యోగం మానేశాడు గాని వెతకటం మానలేదు. పక్కింటి గోడలో, చర్చిలో ఫాదరు ప్రసంగంలో, నివెస్ పులుసులో, చిల్లు కనబడని రోజు లేదు.

రైలు ఫెర్రారా దాటాక నివెస్ ఒళ్ళో ఉన్న సంచి మూత తీసింది.

"చూడు."

అతను చూశాడు. మడత పెట్టిన నైట్‌గౌను, మందుల డబ్బా, మెత్తటి చెప్పులు.

"ఇవెందుకు? సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాంగా?"

"నువ్వొస్తావు. ఇవాళ ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్కటి, దెబ్బలాట లేకుండా ఉండాలి. ఎవరితోనైనా సరే పెట్టుకున్నావో, తిరిగొచ్చేటప్పుడు ఫెర్రారాలో దిగిపోతా. అక్క నా కోసం గది సర్ది పెట్టింది."

"ఎన్నాళ్ళకి?"

"చెప్పుల్లో చలికాలం జత కూడా పెట్టా."

ఒట్టోరీనో సంచి వైపు మళ్ళీ చూశాడు. బెదిరింపు అయితే మందుల డబ్బా ఉండదు. "మాటిస్తున్నా," అన్నాడు.

మాట నిలబెట్టుకోవటానికి అతను నిజంగానే తంటాలు పడ్డాడు. గోపురానికి నాలుగు వందల పద్నాలుగు మెట్లని బోర్డు మీద ఉంది. అతని లెక్కకు నాలుగు వందల పన్నెండే వచ్చాయి. నోరు తెరిచి, నివెస్ చేతిలో సంచి చూసి, మూశాడు. నది ఒడ్డున గోడకు బీట కనిపించింది. తల తిప్పుకున్నాడు. దారిలో నివెస్ ఒక కొట్లో చిన్న కేకులు కట్టించుకుంది. "ఎవరికి?" అన్నాడు. "అక్కకి," అంది. ఆ తరువాత అతను నదిని పొగిడాడు.

భోజనానికి నదికి అవతల, శాన్ ఫ్రెడియానో పేటలో ఒక పూటకూళ్ళ హోటలులో ఫోను చేసి చెప్పి ఉంచాడు. "నలభై ఏళ్ళ పెళ్ళిరోజు, ఇద్దరం, ఒంటిగంటకి," అన్నాడు. అవతలివాడు వీధి పేరు చెప్పి, "ఎర్ర ఇరవై ఏడు," అన్నాడు.

ఆ ఊళ్ళో ఇళ్ళకు నల్ల అంకెలు, కొట్లకు ఎర్ర అంకెలు. ఒకే వీధిలో రెండు ఇరవై ఏడులు ఉంటాయి, ఒకదానికొకటి సంబంధం లేకుండా. ఊరివాళ్ళకు అది ఊపిరి పీల్చినంత మామూలు. ఒట్టోరీనోకు మాత్రం అది నగరంవాళ్ళ డాబుసరిలా వినిపించింది. "అంకెకి రంగేమిటి, నా మొహం!" అనుకుని, కాగితం మీద ఇరవై ఏడు అని మాత్రమే రాసుకున్నాడు.

నల్ల ఇరవై ఏడులో జెలిందా అనే డెబ్బై మూడేళ్ళ విధవరాలు ఉంటుంది. ఆమె కొడుకు వాస్కో మ్యూజియంలో కాపలాదారు. నలభై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. ఎట్టకేలకు రోవిగో పిల్ల లోరెట్టా అతన్ని ఒప్పుకుంది. ఆ రోజు ఒంటిగంటకు లోరెట్టా తల్లిదండ్రులు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. జెలిందా వాళ్ళ మొహాలు ఎప్పుడూ చూడలేదు. పో డెల్టా వైపు మనుషులని, ఆయనకు కోపం ఎక్కువని మాత్రం విన్నది. రెండు రోజులనుంచి వండుతూ ఉంది. రెండు రాత్రులనుంచి నిద్రపోలేదు.

ఒంటిగంటకు గంట మోగింది. తలుపు తీస్తే కోటు వేసుకున్న ముసలాయన, పక్కన సంచితో ఆవిడ.

"ఇద్దరం. ఒంటిగంటకని చెప్పాం," అన్నాడు ఒట్టోరీనో.

డెల్టా యాస. స్టేషనుకు ఎదురెళ్ళిన వాస్కో, లోరెట్టా వెనకే వస్తారనుకుని, జెలిందా చేతులు ఏప్రానుకు తుడుచుకుని ఇద్దరి బుగ్గల మీదా చెరో రెండు ముద్దులు పెట్టింది. "రండి అన్నయ్యగారూ, రండి వదినగారూ! మీ కోసమే చూస్తున్నా. అయ్యో, ఇవెందుకండీ?" అంటూ నివెస్ చేతిలోని కేకుల పొట్లం అందుకుని లోపలికి తీసుకుపోయింది. ఆదివారం భోజనానికి వచ్చేవాళ్ళు కేకులు తేవటం, అయ్యో ఎందుకు అంటూనే వాళ్ళ చేతిలోంచి లాక్కోవటం ఆ దేశమంతా ఉన్నదే.

"అక్క కేకులు!" అంది నివెస్.

"ఊరుకో. దెబ్బలాట వద్దన్నావుగా," అన్నాడు ఒట్టోరీనో. ఆ మాట తాను అనగలిగినందుకు అతనికి చాలా తృప్తి కలిగింది.

గదిలో ఒకటే బల్ల ఉంది. అయిదుగురికి సర్ది ఉంది. పట్నంలో బల్లలు పంచుకుంటారు కాబోలు అనుకుని కూర్చున్నాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అందులో ఉప్పు లేదు. ఫ్లోరెన్సు రొట్టెలో ఉప్పు ఏనాడూ లేదు గాని, అతనికి అది ఆ క్షణంలో, ఆ ఇంట్లో జరిగిన నేరంలా తోచింది. మెడ మీద నరం పొంగింది. నివెస్ బల్ల కిందినుంచి సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రొట్టె ఎలా ఉంది అన్నయ్యగారూ?" అంది జెలిందా, నిలబడే.

"రొట్టె," అన్నాడు ఒట్టోరీనో. మింగాడు. "చాలా బాగుంది."

జెలిందా మొహం విప్పారింది. కోడి కార్జం ముద్ద రాసిన రొట్టె ముక్కలు నాలుగు అతని పళ్ళెంలో పెట్టింది. కార్జం అతనికి చిన్నప్పటినుంచీ పడదు. నాలుగూ తిన్నాడు. "ఇంత బాగా ఎక్కడా తినలేదమ్మా," అన్నాడు. ఆమె ఇంకో ఆరు పెట్టింది. ఆరూ తిన్నాడు. పొగడటంలో ఉన్న ప్రమాదం అతనికి అప్పుడే తెలియటం మొదలైంది. అరవై ఆరేళ్ళలో ఆ పని ఎప్పుడూ చేయలేదు మరి.

నివెస్ చేతులు కడుక్కోవటానికి లోపలికి వెళ్ళింది. అక్కడ తాడు మీద మేజోళ్ళు ఆరుతున్నాయి. గాజు కప్పులో గడ్డం బ్రష్షు ఉంది. పక్కగదిలో మంచం, మంచం మీద ఇస్త్రీ చొక్కా, గోడ మీద పోయిన మనిషి ఫొటో, దాని ముందు చిన్న దీపం. హోటళ్ళలో దీపం పెట్టిన మగడి ఫొటో ఉండదు. నివెస్‌కు సంగతి సగం అర్థమైంది. చెప్పేద్దామని గబగబా బయటికి వచ్చింది.

ఒట్టోరీనో నల్ల క్యాబేజీ సూపు చెంచాడు తాగి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి అంటున్నాడు:

"అమ్మా, ఇలాంటి సూపు నా జన్మలో తాగలేదు. నిజం."

ఈసారి అబద్ధం కాదు. అది గొంతులోనే తెలుస్తోంది.

నివెస్ మెల్లగా తన కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్ళుగా వినాలనుకున్న మాట వేరే ఆడదాని వంటకు వచ్చింది. అయినా వినటానికి బాగుంది. ఇంకో పావుగంట విందామనుకుంది.

జెలిందా కళ్ళు తుడుచుకుంది. "మీ గురించి ఏమేమో చెప్పారండీ నాకు. ఎక్కడికెళ్ళినా తప్పులు పడతారనీ, నోరు మంచిది కాదనీ. నేను భయపడి చచ్చానంటే నమ్మండి."

ఒట్టోరీనో చెంచా కింద పెట్టాడు. తన పేరు ఫ్లోరెన్సు దాకా పాకిందని అతనికి తెలియదు. "ఎవరు చెప్పారు?" అన్నాడు నీరసంగా.

"అందరూను."

"అందరూనా!" నివెస్ వైపు చూశాడు. నివెస్ సూపులోకి చూస్తోంది. ఆమె భుజాలు కొంచెం కదులుతున్నాయి.

"అలాంటివన్నీ పట్టించుకోకండి," అన్నాడు. "నేను మారాను."

"మా వాస్కో కూడా బంగారం అన్నయ్యగారూ. గురక ఒక్కటే. మ్యూజియంలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది గాని మనసు వెన్న."

"నడుముదేముంది," అన్నాడు ఒట్టోరీనో. వాస్కో అంటే ఆవిడ మొగుడు కాబోలనుకున్నాడు.

వేయించిన పంది మాంసం వచ్చింది. ముక్క అయిపోగానే ఇంకో ముక్క వచ్చింది. నడుం బెల్టు రెండు చిల్లులు వదులు చేశాడు. జెలిందా ఎదురుగా కూర్చుని, చేతులు జోడించి, అసలు విషయానికి వచ్చింది.

"ఇంతకీ మేం మీకు నచ్చామా?"

"ఎందుకు నచ్చరమ్మా!"

"అయితే సెప్టెంబరులో పెట్టుకుందామా?"

మళ్ళీ రమ్మంటోంది అనుకున్నాడు. "తప్పకుండా. సెప్టెంబరు మంచిది. దోమలుండవు."

"అరవై మంది దాకా అవుతారు."

"అవనివ్వండి."

"భోజనాలు మీ ఇంటి దగ్గరే కదా? ఆడపిల్ల వైపువాళ్ళదే కదా ఆనవాయితీ."

ఒట్టోరీనో నమలటం ఆపాడు. నివెస్ చెవి దగ్గరికి వంగాడు. "ఈ హోటలువాళ్ళు అరవైమందిని మనింటికి భోజనానికి పంపటం ఏమిటే?"

"దెబ్బలాడతావా?" అంది నివెస్, అంతే గుసగుసగా.

అతను నిటారుగా కూర్చున్నాడు. "మా ఇంటి దగ్గరే," అన్నాడు. "అందరూ రండి."

జెలిందా లేచి అతని తల రెండు చేతులతో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. తన పెళ్ళినాటి దుప్పట్ల పెట్టె తెచ్చి నివెస్ ఒళ్ళో పెట్టింది. దారంతో అక్షరాలు కుట్టిన నార దుప్పట్లు, పన్నెండు. "పిల్లకి ఇవే ఇద్దామని దాచాను వదినగారూ," అంది. ఆ దుప్పట్ల మీద చెయ్యి పడేసరికి నివెస్ నవ్వు ఆగిపోయింది. ఇక ఇది ఆట కాదు. "అమ్మా, నేనొక మాట చెప్పాలి," అని మొదలుపెట్టింది.

చెప్పనక్కర లేకపోయింది. తలుపు తెరుచుకుంది. ముందు వాస్కో, వెనక లోరెట్టా, ఆమె వెనక ఆమె తల్లి, అందరికన్నా వెనక, అందరికన్నా గట్టిగా మాట్లాడుతూ ఆమె తండ్రి సిల్వీనో.

జరిగింది చిన్న విషయమే. లోరెట్టా, వాస్కో స్టేషనుకు వెళ్ళారు. ఆమె తల్లిదండ్రులు కారులో వచ్చారు. సందు మొదట్లోనే ఎర్ర ఇరవై ఏడు కనిపించింది. లోపలికి వెళ్ళి డెల్టా యాసలో "ఒంటిగంటకి" అనగానే హోటలు యజమాని ఎదురొచ్చి, పూలు పెట్టిన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కాబోయే వియ్యపురాలు ఇంట్లో వండకుండా హోటలుకు పిలిచిందని సిల్వీనో గంటసేపు సణిగాడు. చివర్లో నలభై అని రాసిన కేకు తెచ్చి, గదిలోని వాళ్ళందరూ లేచి చప్పట్లు కొట్టారు. సిల్వీనోకు పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళు. ఆ తొమ్మిదేళ్ళ తేడా గురించి అతను యజమానితో పెట్టుకున్న తగాదా వీధిలోకి వినబడి, లోరెట్టా వాళ్ళను కనిపెట్టింది.

"మరి వీళ్ళెవరు?" అంది జెలిందా, ఒట్టోరీనోను చూపిస్తూ.

"మేం భోజనానికి వచ్చినవాళ్ళం," అన్నాడు ఒట్టోరీనో. గది చుట్టూ చూశాడు. దీపం, ఫొటో, దుప్పట్లు. అర్థమైంది. మొహం ఎర్రబడింది. "అమ్మా, ఇది హోటలు కాదా?"

జెలిందా కుర్చీలో కూలబడింది. సూపు గిన్నె ఖాళీ. మాంసం పళ్ళెంలో ఎముక ఉంది. రెండు రోజుల వంట దారిన పోయేవాళ్ళు తినేశారు.

సిల్వీనో బల్ల మీదినుంచి మిగిలిన రొట్టె ముక్క తీసి కొరికాడు. "ఉప్పు లేదు," అన్నాడు. "మమ్మల్ని పిలిచి ఊరివాళ్ళకి పెట్టారు. మిగిలిన రొట్టెలో ఉప్పు కూడా లేదు. కొడుక్కి చూస్తే నడుం వంగిపోయి ఉంది. మెట్ల మీద దీపం లేదు. లోరెట్టా, పద ఇంటికి."

లోరెట్టా కదలలేదు. జెలిందా ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు చప్పుడు రానివ్వలేదు.

ఒట్టోరీనో లేచి నిలబడ్డాడు. నివెస్ అతని చేతి మీద చెయ్యి వేసింది. అతను ఆమెను చూశాడు, ఆమె పక్కన ఉన్న సంచిని చూశాడు, చెయ్యి విడిపించుకున్నాడు.

"కూర్చోవయ్యా!" అన్నాడు.

"నువ్వెవడివి నాకు చెప్పటానికి?"

"ఆద్రియావాణ్ణి. నీ ఊరికి అరగంట దూరం. నీలాంటివాడు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు, రోజూ అద్దంలో వాడికి గడ్డం గీస్తాను! రొట్టెలో ఉప్పు లేదా? ఈ ఊళ్ళో ఎవడి రొట్టెలోనూ లేదు, తెలియకపోతే నోరు మూసుకో! ఆవిడ రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడింది. ఆ సూపు తాగని నీ బతుకు ఒక బతుకా?"

"తాగింది నువ్వేగా, తిండిపోతూ!"

"తాగాను! నడుం వంగిందంటావా? నీ నాలుక వంకరకన్నా నయం!"

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. ఒట్టోరీనో గోపురం మెట్ల దగ్గరనుంచి అణచిపెట్టుకున్నదంతా బయటికి తీశాడు. సిల్వీనో కూడా తక్కువవాడేమీ కాదు. ఇద్దరూ అయిదు నిమిషాలు ఒకే యాసలో తిట్టుకున్నారు. చివరికి ఒట్టోరీనో గొంతు హఠాత్తుగా తగ్గింది.

"ఇదుగో, చూడు. నా పెళ్ళాం సంచిలో నైట్‌గౌను పెట్టుకుని తిరుగుతోంది. నేను ఇంకొక్క మాట జారితే వెళ్ళిపోవటానికి. ఇప్పుడు జారాను. వెళ్ళిపోతుంది. నీ పెళ్ళాం సంచి ఎప్పుడన్నా విప్పి చూశావా?"

గదిలో అందరూ సిల్వీనో భార్య వైపు తిరిగారు. ఆవిడ కుడిచేతిలో ఉన్న సంచిని ఎడమచేతిలోకి మార్చుకుంది.

సిల్వీనో చాలాసేపు ఆ సంచినే చూశాడు. తరువాత కూర్చున్నాడు. కొరికిన రొట్టె ముక్కను మళ్ళీ అందుకుని, నమిలి, మింగాడు.

"అలవాటు పడాలి, అంతే," అన్నాడు.

నివెస్ వంటింట్లోకి వెళ్ళి కోడిగుడ్లు వెతికింది. జెలిందా కన్నీళ్ళు తుడుచుకుని పెనం అందించింది. వాస్కో ఎర్ర ఇరవై ఏడుకు వెళ్ళి, తగాదాలో మిగిలిపోయిన కేకు పట్టుకొచ్చాడు. మూడున్నరకు పెళ్ళి ఖాయమైంది. సెప్టెంబరుకే. పెళ్ళివారంతా రోవిగోకు వెళ్ళాలి, విందు సిల్వీనో ఇంట్లో. ఒట్టోరీనో, నివెస్ ఆడపిల్ల వైపా మగపిల్లవాడి వైపా అన్నది ఎవరూ తేల్చలేదు గాని, రావాలని జెలిందా, సిల్వీనో ఇద్దరూ పట్టుబట్టారు.

ఇద్దరూ అయిదింటి బండి ఎక్కారు. బొలోన్యా వచ్చింది, వెళ్ళింది. నివెస్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఫెర్రారాలో బండి ఆగగానే అతను లేచాడు. ఆమె సంచి తీసుకుని ప్లాట్‌ఫాం మీదికి దిగి, ఆమె దిగటానికి సాయంగా చెయ్యి చాపాడు. అలా చెయ్యి చాపటం కూడా నలభై ఏళ్ళలో మొదటిసారే.

నివెస్ తలుపు దగ్గరికి వచ్చింది. "ఎక్కు," అంది.

"మాటంటే మాటే. దెబ్బలాడాను."

"అది దెబ్బలాట కాదు."

"కాకపోవటమేమిటి? ఎదురిల్లంతా విన్నది."

"పిచ్చి మహానుభావా, ఇన్నాళ్ళూ నీ కోసం దెబ్బలాడావు. ఇవాళ ఇంకొకళ్ళ కోసం దెబ్బలాడావు. అది లెక్కలోకి రాదు. ఎక్కు."

"లెక్కలోకి రాకపోవటమేమిటి? ఎవరితోనైనా సరే అన్నావు. మాటిచ్చాను. తప్పాను. దిగు."

"నేను దిగను!"

"దిగాలి!"

"అది దెబ్బలాట కాదంటున్నానా!"

"దెబ్బలాటే!"

గార్డు ఈల వేశాడు. తలుపు మూసుకుంది. నివెస్ అద్దం వెనక ఇంకా ఏదో అంటూనే ఉంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి కనిపించలేదు. బండి ఆమెను తీసుకుపోయింది. అతను ఆమె నైట్‌గౌనుతో, మందులతో, చలికాలం చెప్పులతో ఫెర్రారా ప్లాట్‌ఫాం మీద మిగిలాడు.

జేబుల్లో ఫోన్లు లేని రోజులు. రాత్రి మందులు సంచిలో ఉండిపోయాయని గుర్తొచ్చి ఒట్టోరీనో కంగారుపడ్డాడు. తరువాతి బండికి టికెట్టు కొన్నాడు. కిటికీ దగ్గర మనిషి చిల్లర లేదని విసుక్కుంటే, "ఫరవాలేదు బాబూ," అన్నాడు. ఆ మాట వినటానికి నివెస్ అక్కడ లేదు. ఆమె రోవిగోలో దిగి, ఆ మొండివాడు చలిలో ప్లాట్‌ఫాం బెంచీ మీదే కూర్చుని ఉంటాడని, అవతలి ప్లాట్‌ఫాంకు పరుగెత్తి ఫెర్రారా బండి ఎక్కింది. సరిగ్గా పో నది వంతెన మీద రెండు బళ్ళూ ఎదురెదురుగా వచ్చి, ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళిపోయాయి.

ఆ లైనులో రెండు బళ్ళూ వేళకు నడిచింది ఆ ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజే.